కథావాచకంలో వ్యాకరణం: తెలుగువారి ఇంగ్లీషు చదువు – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఇంగ్లీషు వ్యాకరణాన్నీ పఠనాన్నీ చిన్న చిన్న నిజజీవిత కథల ద్వారా నేర్పడం ఈ మధ్య ఒక కొత్త పద్ధతిగా ప్రచారంలోకి వచ్చింది. సూత్రం ముందు, ఉదాహరణ తర్వాత అనే పాత క్రమాన్ని తలకిందులు చేసి, ముందు ఒక సంఘటన చెప్పి, అందులోని వాక్యాల నుంచి సూత్రాన్ని రాబట్టడం ఈ పద్ధతిలోని ప్రధానాంశం. తెలుగు వచన చరిత్ర చదివినవారికి ఇందులో కొత్తదనం కనిపించదు. రెండు శతాబ్దాల కిందట మద్రాసులో ఇదే సమస్య మరో వైపు నుంచి ఎదురైంది. అప్పుడు నేర్చుకునేవారు ఇంగ్లీషు ఉద్యోగులు, నేర్చుకోవలసిన భాష తెలుగు. ఆ అవసరం నుంచి పుట్టిన పుస్తకాలను మనం తెలుగు వచన వికాసంలో ఘట్టాలుగా చదువుతున్నాం. భాషాబోధన గ్రంథాలుగా వాటిని చదవడం తక్కువ. వాటిని ఆ దృష్టితో చదివి, అక్కడ తేలిన విషయాలతో నేటి ఇంగ్లీషు కథావాచకాన్ని అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇంగ్లీషు బోధన తెలుగు శాఖ పరిధిలోకి వస్తుందా అనే ప్రశ్న సహజం. వస్తుందనే నా వాదన. కారణాలు వ్యాసక్రమంలో చెబుతాను.

దొరల తెలుగు చదువు

1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఏర్పడింది. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడం దాని పని. తెలుగుకు వ్యాకరణాలు అప్పటికే మొదలయ్యాయి. కేరీ వ్యాకరణం 1814లోనూ, కాంబెల్ వ్యాకరణం 1816లోనూ వచ్చాయి. కాంబెల్ ఆంధ్రశబ్దచింతామణి సంప్రదాయాన్ని ఆధారం చేసుకున్నాడు. వ్యాకరణం దొరికింది కాని చదువుకోవడానికి వచనం లేదు. పద్యకావ్యాలు పుష్కలంగా ఉన్నాయి. కలెక్టరు కచేరీలో కూర్చుని రైతు మొర వినవలసిన యువకుడికి అవి పనికిరావు. ఆ లోటు తీర్చడానికి రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలను వచనంలో రాశాడు. తర్వాత పంచతంత్రాన్ని కూడా రాశాడు. 1823లో జె.సి. మోరిస్ ప్రకటించిన తెలుగు సంకలనం మరో అడుగు ముందుకు వేసింది. మూలభాగాలు, వాటి అనువాదాలు, వాటికి వ్యాకరణ విశ్లేషణ, చివర ఉత్తర సర్కారుల్లో వాడే రెవెన్యూ పదాల పట్టిక అందులో ఉన్నాయి. చదవవలసిన భాగం ముందు, వ్యాకరణం దాని వెంట. నేటి కథావాచకాల అమరిక ఇదే.

ఈ పరంపరలో సి.పి. బ్రౌన్‌ది విశిష్ట స్థానం. ఆయన నిఘంటువు నీడలో పడి తగినంత గుర్తింపు పొందని పుస్తకం 1852 నాటి తెలుగు రీడర్. దానిలో కల్పిత కథలకు బదులు ఉత్తరాలను పాఠాలుగా పెట్టాడు. సొంత ఉత్తరాలు, వ్యాపార ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు పాఠాలయ్యాయి. వాటికి ఇంగ్లీషు అనువాదం, వ్యాకరణాంశాలను వివరించే టిప్పణి, చిన్న పదకోశం జోడించాడు. మనుషులు నిజంగా రాసుకున్న మాటలను భాషాపాఠంగా నిలబెట్టడం తెలుగులో ఇంత స్పష్టంగా అంతకు ముందు జరగలేదని నా అభిప్రాయం. 1855లో ఆయన ప్రచురించిన తాతాచార్యుల కథలు ఆ ధోరణికే కొనసాగింపు. పండితులు శిష్యుడిని మొదటి రోజు నుంచే కావ్యభాషలోకి దించుతారని, దానివల్ల అతడు బజారులో మాటాడే భాషకు దూరమవుతాడని బ్రౌన్ పదే పదే విమర్శించాడు. రీడర్ ఆ విమర్శకు ఆయన చూపిన ప్రత్యామ్నాయం.

ఆ మరుసటి ఏడాదే, 1853లో, చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడింది. మిత్రలాభం, మిత్రభేదం అందరికీ తెలిసినవే. తెలుగు వచన శైలికి అది చేసిన మేలు, చేసిన చేటు గురించి నూరేళ్ళ పైబడి చర్చ జరిగింది. దాన్ని ఇక్కడ తిరగదోడను. భాషాబోధన దృష్టితో చూస్తే ఒకే సంవత్సరం తేడాతో వచ్చిన ఈ రెండు పుస్తకాలు రెండు ఎదురు దారులు. బ్రౌన్ జరిగిన వ్యవహారాన్ని తీసుకుని అందులో వ్యాకరణాన్ని చూపించాడు. సూరి తన మనసులో స్థిరపడిన వ్యాకరణానికి కథను లక్ష్యంగా మలిచాడు. కొన్నేళ్ళకు వచ్చిన బాలవ్యాకరణం చేతిలో పెట్టుకుని నీతిచంద్రిక చదివితే సంధులు, ద్రుతకార్యాలు, విభక్తులు ఒక్కొక్క సూత్రానికి ఉదాహరణలుగా వరుసకట్టి కనిపిస్తాయి. అక్కడ కథ వ్యాకరణానికి వాహనం. సూరి ప్రతిభ వల్ల ఆ వాహనం అందంగా నడిచింది. ఆయన దారిలో వచ్చిన అనేక పాఠ్యపుస్తకాలకు ఆ ప్రతిభ లేదు, దారి మాత్రం మిగిలింది.

బ్రౌన్‌ను ఆదర్శీకరించడం నా ఉద్దేశం కాదు. తెలుగు రైతు అర్జీ ఇంగ్లీషు యువకుడికి పాఠం కావడంలో పాలన అవసరం ఉంది. అర్జీ రాసినవాడికి ఆ పాఠంతో పని లేదు. అయినా పాఠంలో మనుషులు, తగాదాలు, డబ్బు, భయం ఉన్నాయి. నేర్చుకునేవాడికి ఆ కాగితం రేపు ఉదయం కచేరీలో నిజంగా ఎదురవుతుంది. అర్థం తప్పితే తీర్పు తప్పుతుంది. పఠనానికి ఇంతకు మించిన ప్రేరణ ఉండదు.

గిరీశం పాఠం

తెలుగువాడు ఇంగ్లీషు నేర్చుకున్న కథ మరో రకంగా నడిచింది. మద్రాసు సదర్ అదాలతులో దుబాసీగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు స్వీయచరిత్రను ఇంగ్లీషులో రాసుకున్నాడు. అది 1873లో అచ్చయింది. పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేయడం గురించి ఆయన 1820లోనే మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి నివేదించాడు. ఆయన ఆక్షేపణ దేశీయ బడుల గురించి. ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి ఆ ఆక్షేపణ ఇంగ్లీషు బడికీ అంతే సరిపోయింది. అందుకు మన సాహిత్యంలో ఉన్న గట్టి సాక్ష్యం కన్యాశుల్కం.

1909 నాటి మలికూర్పు ద్వితీయాంకంలో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాటాడుకునే ఘట్టాన్ని హాస్యంగా మాత్రమే చదవడం మనకు అలవాటు. కొడుకు చదువు ఎంతవరకు వచ్చిందో చూసుకోవాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులు సంభాషణ మొదలుపెడతారు. ఆ సంభాషణలో ఏముంది? ఒక పిల్లల పాట తునక, రీడరులోని పద్యం ఒకటి, రేఖాగణితంలోని ప్రతిపాదన ఒకటి, మిల్టన్ మహాకావ్యారంభానికి వికృతరూపం ఒకటి, ఇంగ్లీషు నామవాచకాల బహువచన సూత్రం ఒకటి. ఒక్క వాక్యానికీ తర్వాతి వాక్యంతో సంబంధం లేదు. వింటున్నవారికి భాష రాదు కనుక అది సంభాషణగా చెల్లిపోయింది. గురజాడ ఎంచుకున్న తునకలను గమనిస్తే అవి యాదృచ్ఛికం కావని తెలుస్తుంది. ఆనాటి ఇంగ్లీషు విద్యార్థి నోటికి వచ్చి ఉండగల ప్రతి విభాగం నుంచి ఒక్కొక్కటి తీసి వరుసలో పెట్టాడు. పాఠ్యప్రణాళిక మొత్తం అక్కడ ఉంది, భాష మాత్రం లేదు. వ్యాకరణ సూత్రం కూడా సంభాషణలో ఒక పలుకుగా దొర్లడం ఆ ఘట్టంలో అతి తీవ్రమైన విమర్శ. సూత్రాన్ని వాక్యంలో వాడడం రాని పిల్లవాడు సూత్రాన్నే వాక్యంగా వాడాడు.

ఆ వెంటనే కరటకశాస్త్రి తెలుగు పద్యం చదవమని అడగడాన్ని చాలామంది పట్టించుకోరు. వెంకటేశానికి పద్యం వచ్చింది, అర్థం రాలేదు. ఇంగ్లీషు పాఠాన్ని వెక్కిరించి తెలుగు పాఠాన్ని వదిలేసే సౌలభ్యం గురజాడ మనకు ఇవ్వలేదు. మొదటి అంకంలో గిరీశం రాయించే పుస్తకాల జాబితాలో రాయల్ రీడర్, గ్రామర్, మేడీజీలతో పాటు రాజశేఖర చరిత్ర కూడా ఉంది. వీరేశలింగం గోల్డ్‌స్మిత్ నవలను ఆధారంగా తీసుకుని రాసిన రచన అది. 1887లో అది హచిన్సన్ చేతి మీదుగా మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళింది. రెండు భాషల మధ్య ఒక కుటుంబకథ ఇలా రాకపోకలు సాగించిన కాలంలోనే, ఆ పుస్తకం పేరు తండ్రి దగ్గర డబ్బు రాబట్టే జాబితాలో ఒక పద్దుగా మిగిలిందని గురజాడ చెప్పకనే చెప్పాడు.

గురజాడ మిత్రుడు గిడుగు రామమూర్తి, ఆయనతో కలిసి పనిచేసిన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ - వీరి వ్యావహారిక భాషోద్యమం తరగతి గదిలో మొదలైందని మనం మరచిపోతుంటాం. గ్రాంథిక వ్యావహారిక వాదం సాహిత్య వివాదంగా ముదిరిన తర్వాత దాని బోధనామూలం వెనక్కు పోయింది. గిడుగు సవర భాషను పుస్తకంలో నేర్చుకోలేదు, పుస్తకం లేదు కూడా. మాటాడే మనిషి దగ్గర కూర్చుని, కథలు, పాటలు రాసుకుని, వాటి నుంచి వ్యాకరణాన్ని రాబట్టాడు. సవర పిల్లల కోసం వాచకాలు రాసి బడులు నడిపాడు. సవర భాషావ్యాకరణం 1931లో వచ్చేసరికి ఆ పని వెనుక దశాబ్దాల పఠన సామగ్రి ఉంది. కథ ముందు, సూత్రం తర్వాత అనే క్రమాన్ని పూర్తి నిజాయితీతో ఆచరించిన తెలుగువాడు గిడుగే. ఆయన ఆ పద్ధతిని ప్రయోగించిన భాష ఇంగ్లీషు కాకపోవడం వల్ల మన ఇంగ్లీషు బోధనలో ఆ పాఠం చేరలేదు.

ఇంగ్లీషు బోధనలో జరిగినది వేరు. బెంగాలులో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1920లలో, భారతీయ విద్యార్థికి ముందు కావలసింది చదవగలగడమని వాదించి, పదాల సంఖ్యను అదుపులో పెట్టిన వాచకాలు తయారుచేశాడు. ఆ ఆలోచన సరైనదే. ఆచరణలో పదాల లెక్క కథను మింగింది. మరోపక్క 1930లలో వచ్చిన రెన్, మార్టిన్‌ల వ్యాకరణం విడి వాక్యాల అభ్యాసాలతో తరతరాల విద్యార్థులను పెంచింది. ఆ రెన్ స్వయంగా పేరున్న నవలాకారుడు. కథ రాయగలిగినవాడు వ్యాకరణం దగ్గరికి వచ్చేసరికి కథను గుమ్మం బయట వదిలి వచ్చాడు. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసమే కేంద్రసంస్థ ఏర్పడినా, మన పల్లె బడిలో విడి వాక్యం రాజ్యం పోలేదు. డాక్టరు వచ్చేలోగానే రోగి మరణించాడనే అర్థం గల వాక్యం ఒకటి ఇంగ్లీషు కాలాల పాఠంలో ఎంతకాలంగా ఉందో లెక్క లేదు. ఆ రోగి ఎవరో, డాక్టరు ఎందుకు ఆలస్యం చేశాడో ఏ విద్యార్థీ అడగలేదు. అడిగే అవకాశం ఆ వాక్యం ఇవ్వదు.

నాలుగు వాక్యాల కథ, దానిలో వ్యాకరణం

కథ వ్యాకరణాన్ని నిజంగా నేర్పుతుందా, లేక పిల్లలను కూర్చోబెట్టడానికి వేసే ఎరా? దీన్ని సిద్ధాంతస్థాయిలో కంటే వాక్యస్థాయిలో పరీక్షించడం మేలు. విశ్లేషణ కోసం ఏ సంతలోనైనా జరగగల సంఘటన ఒకటి రాసుకున్నాను.

ఒకామె సంతకు మేకను తోలుకొచ్చింది. మేకను చెట్టుకు కట్టేసి, టీ తాగి, డబ్బులిచ్చి వెనక్కు వచ్చేసరికి తాడు మాత్రమే ఉంది. పక్కన కూరగాయలమ్మే ముసలాయన, ‘మీ ఆయనొచ్చి తోలుకెళ్ళాడమ్మా’ అన్నాడు. ఆమె భర్త చనిపోయి రెండేళ్ళయింది.

ఈ నాలుగు వాక్యాలను ఇంగ్లీషులో చెప్పబోయిన తెలుగు విద్యార్థికి ఎదురయ్యే చిక్కులను వరుసగా చూద్దాం. మొదటిది ‘ఎ’, ‘ద’ అనే ఉపపదాలు. తెలుగులో వీటికి సమానమైన వర్గం లేదు కనుక ఇవి మనవాళ్ళకు ఎప్పటికీ రావనే నిరాశ ఉపాధ్యాయుల్లో ఉంది. ఉపపదం లేదు గాని, దాని వెనుక ఉన్న భేదం తెలుగు కథకు కొత్త కాదు. మన కథలన్నీ ‘అనగనగా ఒక’ అని మొదలై, రెండో వాక్యంలో ‘ఆ’ అని కొనసాగుతాయి. ఒక రాజు, ఆ రాజు. వినేవాడికి తెలియనిది, తెలిసినది అనే తేడాను నాలుగేళ్ళ పిల్లవాడు ఈ జంటతోనే గ్రహిస్తాడు. తేడా ఒక్కటే. తెలుగు మొదటి వాక్యంలో ‘ఒక’ను వదిలేయవచ్చు, పై కథలో మేక దగ్గర వదిలేశాం. ‘ఆ’ను రెండో మూడో వాక్యం తర్వాత వదిలేస్తాం. ఇంగ్లీషు దేన్నీ వదలనివ్వదు. ఇంత చెబితే విద్యార్థికి పట్టు దొరుకుతుంది.

పై కథలో తాడు మరింత ఆసక్తికరం. అంతకుముందు తాడు ప్రస్తావన లేదు. మొదటిసారి వస్తున్నది కనుక ‘ఎ రోప్’ అనాలని సూత్రం చదివిన విద్యార్థి అనుకుంటాడు. కాని అక్కడ ‘ద రోప్’ అనాలి. మేకను కట్టేసిందని చెప్పినప్పుడే తాడు కథలోకి వచ్చింది, పేరు మాత్రం తర్వాత వచ్చింది. ఈ సంగతిని విడి వాక్యంతో నేర్పడం సాధ్యం కాదు, ఎందుకంటే అది వాక్యంలో లేదు, రెండు వాక్యాల మధ్య ఉంది. కథావాచకానికి అనుకూలంగా నాకు కనిపించిన బలమైన ఆధారం ఇదే. కొన్ని వ్యాకరణాంశాలకు కథ అలంకారం కాదు, అవి ఉండే చోటే అది.

రెండో వాక్యంలో క్త్వార్థకాల వరుస ఉంది: కట్టేసి, తాగి, ఇచ్చి. తెలుగు కథనానికి ఇది వెన్నెముక. ఒక్క సమాపక క్రియ మీద ఎన్ని అసమాపక క్రియలనైనా నిలబెట్టగలం. ఇంగ్లీషు ఆ పనులను సమాన హోదాలో భూతకాల క్రియలుగా పరిచి, చివరి దాని ముందు ‘అండ్’ పెడుతుంది. క్త్వార్థకానికి ‘హావింగ్’ అనే ఒకే మూసను నేర్పిన పాత అలవాటు వల్ల చదువుకున్న తెలుగువారి ఇంగ్లీషులో ప్రతి పనీ ‘హావింగ్’తో మొదలవుతుంది. వ్యాకరణరీత్యా అది తప్పు కాదు. కాని అలా ఎవరూ కథ చెప్పరు. తప్పు కాని అసహజతను పట్టుకోగల సాధనం పఠనం ఒక్కటే. ఇంగ్లీషు కథలు పది చదివినవాడికి అది చెవికి తెలుస్తుంది.

మూడో వాక్యం అనుకరణం. ఇంగ్లీషులో పరోక్షంగా మారిస్తే పురుష, కాలం, కాలవాచకాలు అన్నీ కదులుతాయి. అభ్యాసపుస్తకాలలో ఇది గణితంలా సాగుతుంది. తెలుగులో ‘అని’ ఒక్కటి చాలు, మాటను ఉన్నదున్నట్లు అప్పగించవచ్చు. ‘తాను వస్తానని చెప్పాడు’ అనే వాక్యంలో ‘తాను’ వచ్చినా క్రియ ఉత్తమపురుషలోనే నిలుస్తుంది. చెప్పినవాడి గొంతు కొంత మిగలడం తెలుగు అనుకరణ స్వభావం. ఇంగ్లీషు పరోక్షం ఆ గొంతును పూర్తిగా కథకుడికి అప్పగిస్తుంది. ఈ భేదం వ్యాకరణమే కాక కథనశాస్త్రం కూడా. పై కథలో ముసలాయన మాటను పరోక్షంలోకి మారిస్తే ‘అమ్మా’ అనే పిలుపు పోతుంది, అతడి అమాయకత్వం సగం పోతుంది. ఏది మార్చాలి, ఏది మార్చకూడదు అనే విచక్షణ కథలోనే నేర్పగలం. అదే వాక్యంలోని ‘కూరగాయలమ్మే ముసలాయన’ అనే ధాతుజ విశేషణ నిర్మాణం ఇంగ్లీషులో నామవాచకం తర్వాతికి జరగడం అందరికీ తెలిసిందే, దాన్ని విస్తరించను.

నాలుగో వాక్యం మీద కథంతా ఆధారపడి ఉంది. ‘చనిపోయి రెండేళ్ళయింది’. క్త్వార్థకానికి, సమాపక క్రియకు కర్త ఒకటే కావాలనేది మన వ్యాకరణ నియమం. ఇక్కడ చనిపోయినది భర్త, అయినది కాలం. కాలవ్యవధిని చెప్పే వాక్యాల్లో వాడుక ఆ నియమాన్ని సడలిస్తుంది. తెలుగు ఇక్కడ మరణం నుంచి నేటికి నడిచిన కాలాన్ని లెక్కపెడుతోంది. ఇంగ్లీషు ఆ పని చేయదు. సంత జరిగిన రోజును ఒక మెట్టుగా నిలిపి, మరణాన్ని అంతకు వెనుక మెట్టు మీద ఉంచుతుంది: ‘హర్ హస్బండ్ హాడ్ బీన్ డెడ్ ఫర్ టూ ఇయర్స్’. ఇక్కడ ‘హాడ్’ లేకపోతే రెండు కాలాల మధ్య దూరం చెరిగిపోతుంది. ఆ దూరంలోనే దొంగతనం బయటపడింది. డాక్టరు, రోగి వాక్యం నూరుసార్లు చదివినా రాని భూతపూర్వకాల బోధ ఇక్కడ ఒక్కసారికి రావడానికి కారణం స్పష్టం. విద్యార్థికి ఆ కాలరూపం అవసరమైంది, దానితో అతడు మేక ఏమైందో తెలుసుకున్నాడు.

పరిమితులు, అభ్యంతరాలు

ఇంత చెప్పిన తర్వాత కథ చాలు, సూత్రం అక్కర్లేదు అనే నిర్ణయానికి రావడం సులభం. ఆ నిర్ణయం సరికాదని నా అభిప్రాయం. అర్థమయ్యే భాషను విరివిగా వింటూ చదువుతూ ఉంటే భాష తనంతట తాను వస్తుందని స్టీఫెన్ క్రాషెన్ 1980లలో ప్రతిపాదించాడు. ఫిజీ దీవుల గ్రామీణ బడుల్లో ఎలీ, మంగూభాయి చేసిన ప్రయోగం, 1983లో ప్రకటితమైనది, ఆసక్తికరమైన కథాపుస్తకాలు విస్తారంగా అందుబాటులో ఉంచితే పిల్లల ఇంగ్లీషు పఠనం గణనీయంగా మెరుగవుతుందని చూపింది. ఇవి విలువైన ఫలితాలు. అయితే కథ చదివేవాడు కథ కోసం చదువుతాడు. మేక ఏమైందో తెలిసిన తర్వాత తాడు ముందున్న ‘ద’ను గమనించే అవసరం అతడికి లేదు. ఉపపదాలు లేకుండానే కథ అర్థమవుతుంది. కనుక కథ ముగిశాక వెనక్కు తీసుకువెళ్ళి ఆ మాటను చూపించే ఉపాధ్యాయుడు కావాలి, చూపించడానికి అతడికి సూత్రం తెలియాలి. మోరిస్, బ్రౌన్ పాఠం కింద టిప్పణి రాసింది ఇందుకే.

రెండో అభ్యంతరం కథను తయారుచేసే తీరు గురించి. ఒక వ్యాకరణాంశాన్ని నేర్పడానికే రాసిన కథలో ఆ అంశం అడుగడుగునా తగులుతుంది. కర్మణి వాక్యాల పాఠంలో అన్నీ చేయబడతాయి, ఎవరూ ఏదీ చేయరు. పేరుకు అది నిజజీవిత కథ. నిజజీవితంలో ఎవరూ అలా మాటాడరు. ఇది నీతిచంద్రిక దారిలో, చిన్నయసూరి లేకుండా చేసే ప్రయాణం. బజారులో దొరికే స్వయంబోధక ఇంగ్లీషు పుస్తకాలు అనేకం ఈ రకానివే. వాటిలోని రాము, సీత ఎప్పుడూ బడికి వెళ్తూనే ఉంటారు, వాళ్ళకు ఎప్పుడూ ఏమీ జరగదు.

మూడోది ముఖ్యమైనది. ఎవరి జీవితం? ఇంగ్లీషు చదువు గురించి తెలుగు శాఖల్లో వినిపించే మాట ఎక్కువగా మాతృభాషకు జరిగే నష్టం గురించి. ఆ ఆందోళన నిరాధారమైనది కాదు. కాని కంచ ఐలయ్య వంటివారు చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న, ఇంగ్లీషు ఇన్నాళ్ళూ ఎవరి ఇంట్లో ఉంది, ఎవరి వాకిట ఆగిపోయింది అనేది, దానికంటే బలహీనమైనది కాదు. తన ఇంట్లో మొదటిసారి ఇంగ్లీషు పుస్తకం తెరిచిన దళిత బాలికకు, గిరిజన బాలుడికి ఆ భాష కావాలి. ఇవ్వాలా వద్దా అనే చర్చ వాళ్ళకు విలాసంగా కనిపిస్తుంది. ఎలా ఇవ్వాలి అనే చర్చలో మనకు చెప్పగల సంగతులు ఉన్నాయి. పాఠంలోని కుటుంబం సోఫాలో కూర్చుని ఉదయం అల్పాహారం గురించి మాటాడుతుంటే, ఆ పిల్లకు భాషతో పాటు జీవితాన్ని కూడా కొత్తగా ఊహించుకోవలసిన భారం పడుతుంది. రెండు తెలియనివి ఒకేసారి నేర్పకూడదనేది ఏ బోధనాశాస్త్రమైనా ఒప్పుకునేదే. సంత, మేక, తాడు తెలిసిన పిల్లకు ‘హాడ్’ ఒక్కటే కొత్తది.

ఎదురెదురు పుటలు

ఇటీవలి సంవత్సరాల్లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. వీటి అమరిక చూసినప్పుడు మోరిస్ సంకలనం, బ్రౌన్ రీడర్ గుర్తుకు వస్తాయి. పోలిక అంతటితో ఆగుతుంది. బ్రౌన్ పుస్తకంలో మూలం తెలుగు. ఎవరో తమ అవసరం కోసం తమ మాటలో రాసుకున్నది అక్కడ ఉంది, ఇంగ్లీషు దాన్ని అనుసరించింది. నేటి పుస్తకంలో ఇంగ్లీషు పుటను ముందు రాసి, తెలుగు పుటను దానికి సరిపోయేటట్లు దిద్దితే ఏమవుతుందో పై కథలోని చివరి వాక్యంతోనే చూడవచ్చు. ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాటగా తెచ్చినవాడు ‘ఆమె భర్త రెండు సంవత్సరాలుగా చనిపోయి ఉన్నాడు’ అని రాస్తాడు. ఆ వాక్యం ఏ తెలుగువాడి నోటా రాదు. పిల్ల ఆ పుట చదివి రెండు భాషల్లోనూ నష్టపోతుంది. తెలుగు పుట తనకు తెలిసిన తెలుగు కాదు కనుక ఇంగ్లీషు పుటకు అది మెట్టు కాలేదు. పైగా అచ్చులో కనిపించింది కనుక అదే సరైన తెలుగు అనుకునే ప్రమాదం ఉంది.

ఈ కారణం వల్లనే ఇది తెలుగు శాఖల పని. ఎదురెదురు పుటల వాక్యాలను జతలుగా తీసుకుని, క్త్వార్థకం, అనుకరణం, ధాతుజ విశేషణం, కాలవ్యవధి వాక్యం ఎక్కడెక్కడ ఇంగ్లీషు నిర్మాణానికి లొంగిపోయాయో గుర్తించడం వాక్యనిర్మాణం మీద పనిచేసే పరిశోధకుడు చేయగలిగినది. ఇంగ్లీషు శాఖ ఒంటరిగా దాన్ని చేయలేదు. అంతకంటే ముందు చేయవలసిన పని కథలను సేకరించడం. జిల్లాల వారీగా మౌఖిక సామగ్రి సేకరించిన పరిశోధనలు మన శాఖల్లో ఏళ్ళ తరబడి ఉన్నాయి. జానపద కథలతో పాటు మనుషులు తమకు జరిగిన సంగతులు చెప్పుకున్న కథనాలు కూడా వాటి అనుబంధాల్లో ఉన్నాయి. సిద్ధాంతవ్యాసంలో ఉదాహరణలుగా ఉపయోగపడిన తర్వాత వాటిని ఎవరూ తెరవడం లేదు. వాటిలోంచి ఆరో తరగతి పిల్ల చదవగల కథనాలను ఎంచి, తెలుగు మూలాన్ని చెప్పినవారి మాటలోనే ఒక పుటలో ఉంచి, ఎదుటి పుటలో దాని నుంచి ఇంగ్లీషు రాయించి, కింద బ్రౌన్ పద్ధతిలో టిప్పణి ఇవ్వవచ్చు. ఒక జిల్లా సేకరణతో మొదలుపెట్టినా రెండు తరగతులకు సరిపడే వాచకం తయారవుతుంది.